చుక్ చుక్ వెనుక ఆవిరి

బొగ్గు ఇంజన్‌ను ఎన్నడూ చూడని పిల్లలు కూడా రైలాట ఆడితే ‘చుక్ చుక్’ అనే అంటారు. మన మామూలు రైళ్లు ఆ చప్పుడు మానేసి పాతికేళ్లు దాటింది. ఇప్పుడు దాన్ని వినాలంటే టికెట్ కొనాలి. అదీ మామూలు టికెట్ కాదు.

1997 అక్టోబరులో ‘ఫెయిరీ క్వీన్’ అనే ఇంజన్‌ను పర్యాటకుల కోసం ఢిల్లీ నుంచి రాజస్థాన్‌లోని అల్వర్‌కు నడపడం మొదలుపెట్టారు. రెండు రోజుల విహారం, ఏసీ పెట్టెలో అరవై సీట్లు, రాత్రి బస, సరిస్కా అడవిలో షికారు. ఇంజన్ వయసు అప్పటికే 142 ఏళ్లు. 1855లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో తయారై కలకత్తా వచ్చింది. హౌరా-రాణీగంజ్ దారిలో బండ్లు లాగింది, 1857లో సైనికులను మోసింది. 1909లో పని మానేశాక హౌరా స్టేషన్ బయట బొమ్మలా ఏళ్ల తరబడి నిలబడింది. క్రమం తప్పకుండా నడిచే ఆవిరి ఇంజన్లలో ప్రపంచంలోకెల్లా పాతదని 1998లో గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు.

ఇంతకీ ఆ ‘చుక్’ ఏమిటి? సిలిండర్‌లోకి వచ్చిన ఆవిరి పిస్టన్‌ను ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి తోస్తుంది. తోసిన ప్రతిసారీ, పని అయిపోయిన ఆవిరి బయటికి పోవాలి. అది పోయే చప్పుడే చుక్. సిలిండర్లు రెండు కాబట్టి చక్రం ఒక్క చుట్టు తిరిగితే నాలుగు చుక్‌లు. ఫెయిరీ క్వీన్ పెద్ద చక్రం ఆరడుగుల ఎత్తు, చుట్టుకొలత 5.7 మీటర్ల పైచిలుకు. మనిషి నడిచే వేగంలో లెక్క వేస్తే సెకనుకు ఒక చుక్. దాని గరిష్ఠ వేగం గంటకు 40 కిలోమీటర్లు. అక్కడ సెకనుకు దాదాపు ఎనిమిది, ఇక అంతా కలిసి ఒకటే హోరు. పిల్లలు అనుకరించేది స్టేషన్ నుంచి అప్పుడే కదిలే బండినన్నమాట.

ఈ వాడేసిన ఆవిరిని పొగగొట్టంలోంచే పైకి వదులుతారు. అది పోతూ పోతూ పొయ్యిలోని పొగను తనతో లాక్కుపోతుంది, ఆ ఖాళీలోకి కొత్త గాలి దూరి బొగ్గును రాజేస్తుంది. కమ్మరి కొలిమికి తిత్తి ఊదే మనిషి కావాలి, దీనికి దాని ఊపిరే తిత్తి. బరువు ఎక్కువైతే ఊపిరి గట్టిగా వస్తుంది, మంటా పెరుగుతుంది. ఆ యంత్రం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన తెలివి ఇదే.

కానీ వేడి చాలా దండగ. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు ఆవిరి తగిలితే మరిగే నీళ్లకన్నా ఎక్కువ కాలుతుంది, తెలుసుగా. లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 75 కిలోకేలరీలు చాలు. ఆ మరిగే నీటిని ఆవిరి చేయడానికి ఇంకో 540 కావాలి. ప్రతి చుక్‌తోనూ ఆ వేడంతా ఆకాశంలో కలుస్తుంది. రామగుండం లాంటి థర్మల్ కేంద్రంలోనైతే ఆవిరిని చల్లార్చి, ఆ నీటినే మళ్లీ బాయిలర్‌కు పంపుతారు. రైలింజన్‌లో నీరూ పోతుంది, వేడీ పోతుంది. బొగ్గులోని శక్తిలో పదో వంతు కూడా బండి లాగడానికి మిగలదు.

పైగా ఫెయిరీ క్వీన్‌లో ఆవిరి తిప్పేది ఒక్క జత చక్రాలనే. పట్టాల మీద దాని పట్టు ఆ జతపై పడే బరువును బట్టే ఉంటుంది. ఎక్కువ పెట్టెలు తగిలిస్తే చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. అందుకే రెండు పెట్టెలు దాటలేదు. ఇనుము ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వ్యాకోచించకుండా బాయిలర్‌ను గంటల తరబడి నిదానంగా వేడెక్కించాలి. ఈ చాకిరీ అంతా అరవై టికెట్ల మీదే పడుతుంది.

2011లో దాని విడిభాగాలు దొంగలపాలయ్యాయి. బజారులో దొరికే సామానా అది! చెన్నైలోని పెరంబూర్ వర్క్‌షాపులో బాగుచేశాక, 2017లో మళ్లీ ఢిల్లీ కంటోన్మెంట్ నుంచి హర్యానాలోని రేవాడీ దాకా నడిచింది.

ఒక్కటే చిక్కు. ఏసీ పెట్టె అద్దాలు బిగించి ఉంటాయి. ఆ చప్పుడు చక్కగా వినపడేది గేటు పడితే సైకిల్ దిగి నిలబడ్డవాళ్లకే.