సముద్రం మీద వాంతులు: చిన్న అపోహలు కొన్ని, ప్రాణం మీదికి తెచ్చేది ఒకటి

పోయిన వారం హనుమకొండలో ఒక పెళ్లి విందులో, విస్తట్లో పప్పు పడకముందే ముగ్గురు అడిగారు: "సముద్రం మీద వాంతులు రాకుండా ఏం చేయాలి?" విశాఖలో పద్దెనిమిదేళ్లుగా తెరచాప పడవ నడపడం నేర్పుతున్నాను కాబట్టి అడగడంలో తప్పు లేదు. కానీ "ఎప్పుడు వెనక్కి తిరగాలి?" అని మాత్రం ఒక్కరూ అడగరు. కడుపులో తిప్పడం మొదలయ్యాక కూడా "ఇంకాస్త ముందుకు పోదాం" అనే వాళ్లతోనే నా గొడవంతా.

అపోహ: వెళ్లడానికి ఎంత సేపు పడితే తిరిగి రావడానికీ అంతే.

హనుమకొండ నుంచి లక్నవరం వెళ్లిన బస్సుకు ఈ లెక్క సరిపోతుంది. అక్కడి చెరువులో మోటారు బోటుకూ సరిపోతుంది. తెరచాపకు సరిపోదు. వేసవిలో విశాఖ తీరం వెంట మధ్యాహ్నానికి నైరుతి గాలి ఊపందుకుంటుంది. భీమిలి వైపు వెళ్లేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది. గాలి 14 నాట్లు అనుకోండి (మన దగ్గర నాట్లంటే వరినాట్లే గానీ, ఇక్కడ ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు). పడవ 5 నాట్ల వేగంతో గాలితోపాటే పోతుంటే ఒంటికి తగిలేది 9 మాత్రమే. అల వెనక నుంచి వచ్చి ఉయ్యాలలా ఎత్తి దించుతుంది. అందరూ ఫోటోలు దిగుతుంటారు. పడవ తిప్పిన నిమిషంలోనే అదే గాలి దాదాపు 18 నాట్లై ముఖాన కొడుతుంది. తగిలే వేగం రెట్టింపైతే గాలి తోసే బలం నాలుగింతలవుతుంది. పైగా ఏ తెరచాపా గాలికి నేరుగా ఎదురు పోలేదు. 45 డిగ్రీలు కుడికి కాసేపు, ఎడమకు కాసేపు, నాగటి చాళ్లలా తిరుగుతూ రావాలి. దూరం దాదాపు ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది, అలలు పడవ ముక్కును గుద్ది వేగాన్ని తగ్గిస్తాయి.

ఇదంతా తెలిసి నేనే ఒకసారి తప్పు చేశాను. ఏప్రిల్ నెల. పడవలో మా మేనబావ, ఆయన స్నేహితులిద్దరు, నా దగ్గర నేర్చుకుంటున్న ఒక కుర్రాడు. గంట గడిచింది. "ఇంత ప్రశాంతంగా ఉంది, ఇంకో అరగంట పోదాం బావా" అన్నాడు మేనబావ. అప్పటికే ఆయన స్నేహితుల్లో ఒకరికి మాట ఆగిపోయింది. రెండుసార్లు ఆవలించాడు, ఊరికే ఉమ్మి మింగుతున్నాడు, పై పెదవి మీద చల్లటి చెమట. వాంతికి ముందు వచ్చే గుర్తులివే. చూశాను, చూసీ ఊరుకున్నాను.

అరగంట తర్వాత తిప్పాం. పది నిమిషాల్లో ఇద్దరు వాంతులతో చతికిలబడ్డారు. ఒకాయన వాంతి కోసం అంచు మీదుగా నడుము దాకా వంగిపోయాడు. కుడిచేత చుక్కాని, ఎడమచేత ఆయన లైఫ్ జాకెట్ వెనక పట్టీ. చుక్కాని వదిలితే పడవ అలకు అడ్డం తిరుగుతుంది, పట్టీ వదిలితే మనిషి పోతాడు. కుర్రాడు బకెట్ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టే దాకా అలాగే ఉన్నాను. గంటన్నరలో వెళ్లిన దూరం తిరిగి రావడానికి మూడు గంటలు పట్టింది. పడవలో అయిదుగురం, పనికొచ్చిన చేతులు ఇద్దరివే.

అప్పటి నుంచి మనుషులను కాదు, పనిచేయగల చేతులను లెక్కపెడుతున్నాను. వాలుగాలిలో హాయిగా పోతున్నప్పుడు, ఇంకా ముందుకు వెళ్లాలా అన్న ప్రశ్న రాగానే పడవను అయిదు నిమిషాలు ఎదురుగాలికి తిప్పి చూస్తాను. తిరుగు ప్రయాణం ఎలా ఉండబోతోందో ఆ అయిదు నిమిషాల్లోనే అందరికీ తెలిసిపోతుంది. ఎవరితోనూ వాదించే పని ఉండదు. తెరచాప కుదించాల్సి ఉంటే తిప్పక ముందే కుదిస్తాను. తిప్పాక ఆ పని చేయడానికి ఎవరు మిగులుతారో చెప్పలేం.

మిగతావి త్వరగా చెబుతాను. ఖాళీ కడుపుతో వెళ్తే వాంతి రాదన్నది తప్పు. రెండు ఇడ్లీలు తినండి, నూనె వంటకాలు, మద్యం మానండి. కింది గదిలోకి వెళ్లి ఫోను చూస్తూ పడుకుంటే తగ్గదు, పెరుగుతుంది. లోపలి చెవి "ఊగుతున్నాం" అంటుంటే కన్ను "లేదు" అంటుంది, తగువంతా అక్కడే. పైకి వచ్చి దిగంతాన్ని చూడండి, వీలైతే చుక్కాని పట్టుకోండి.

వాంతుల మాత్రలన్నీ ఒకటే అనుకోవడం ఇంకో పొరపాటు. ఆన్‌డాన్‌సెట్రాన్ జీర్ణకోశపు వాంతులకు మంచిదే, ప్రయాణపు వికారానికి మాత్రం పెద్దగా పనిచేయదు. మెక్లిజిన్, ప్రోమెథజిన్ లాంటివి వేరు. అవి కూడా బయలుదేరడానికి గంట ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక మింగిన మాత్ర సముద్రం పాలే. నిద్రమత్తు తెస్తాయి కాబట్టి చుక్కాని పట్టేవారు జాగ్రత్త. గర్భిణులు, గ్లకోమా ఉన్నవారు, చిన్నపిల్లల తల్లిదండ్రులు డాక్టరును అడగండి.

"వరంగల్ వాళ్లకు సముద్రం ఏం పడుతుంది" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. బ్రిటిష్ నౌకాదళాధిపతి నెల్సన్‌కు జీవితాంతం ఈ బాధ ఉండేది. ఇక మన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు. తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారని, ఇకపై నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని అందులో ఉంది. ఓరుగల్లు కోటలో కూర్చున్న రాజుకు సముద్రపు కష్టం తెలిసినప్పుడు, మనకు తెలియకపోవడానికి ఏముంది?

ఆ విందులో మూడో మనిషి మా వదిన. ఓడలో అండమాన్ వెళ్తున్నారట, భయంతో టికెట్లు రద్దు చేసుకుందామా అంటోంది. వద్దన్నాను. పెద్ద ఓడను తిప్పాలా వద్దా అన్నది కెప్టెన్ చూసుకుంటాడు. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో పడక ఇమ్మని అడుగు, అక్కడ ఊపు తక్కువ. మొదటి రెండు మూడు రోజులు గడిస్తే చాలామందికి ఒళ్లు అలవాటు పడుతుంది. డాక్టరును అడిగి తెచ్చుకున్న మాత్రను మాత్రం ఓడలోనే మొదటిసారి వేసుకోవద్దు, ఒక ఆదివారం ఇంట్లో వేసుకుని ఎంత నిద్ర వస్తుందో చూసుకో అన్నాను. "ఆదివారం నిద్రపోతే వంట ఎవరు చేస్తారు?" అంది మా అన్న వైపు చూసి.