చేతిపని చదువంటే చెన్నైకి ఎందుకంత అనుమానం

పిల్లలకు బడిలోనే ఏదో ఒక పని నేర్పాలి, డబ్బు లెక్క తెలియజెప్పాలి, రేపటి ఉద్యోగానికి ఇప్పటినుంచే తయారుచేయాలి అంటే ఏ ఊళ్లోనైనా తల్లిదండ్రులు తలూపుతారు. చెన్నైలో మాత్రం 'ఆరో తరగతి నుంచి వృత్తివిద్య' అనేసరికి గొడవ మొదలవుతుంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు పది రోజులు పనివాళ్ల దగ్గర పని చూడాలన్న కేంద్రం 2020 జాతీయ విద్యా విధానం మీద ఇప్పుడు మళ్లీ అదే రగులుతోంది. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఈమధ్య వచ్చి స్థిరపడ్డ మనవాళ్లకు ఇదంతా ఢిల్లీ మీద ఉన్న కోపంలా కనిపిస్తుంది. పిల్లాడు పది రోజులు వడ్రంగి దగ్గర కూర్చుంటే కొంపలేం మునిగిపోతాయి అంటారు.

చేతిపనితోనే చదువు చెప్పాలన్న గాంధీజీ వార్ధా పథకం, బడిలో పని అనుభవం ఉండాలన్న కొఠారీ కమిషన్ సిఫార్సులు అందరూ ఎక్కడో ఒకచోట చదివినవే, వాటిని వదిలేద్దాం. ఈ తగువు మూలం తెలియాలంటే 1953 జూన్‌కి వెళ్తే చాలు.

ఆ ఏడాది బడులు తెరిచేసరికి మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజాజీ గ్రామాల్లోని ప్రాథమిక పాఠశాలలకు కొత్త పద్ధతి పెట్టారు. బడి రోజుకు మూడు గంటలే. పిల్లల్ని రెండు జట్లు చేసి ఒక జట్టుకు పొద్దున, రెండో జట్టుకు మధ్యాహ్నం పాఠాలు చెప్పాలి. పంతులూ మారడు, గదీ మారదు. మిగతా పూట మగపిల్లవాడు ఇంటి దగ్గర తండ్రి చేసే పని నేర్చుకోవాలి, ఆడపిల్ల తల్లి దగ్గర ఇంటిపని నేర్చుకోవాలి. ఇంట్లో చెప్పుకోదగ్గ వృత్తి లేకపోతే ఊళ్లో ఏ రైతు దగ్గరో, చేతిపనివాడి దగ్గరో కుదరాలి. హాజరు వేసేది బడిలో ఉన్న పూటకే. రెండో పూట ఎవరు ఏం నేర్చుకున్నారో అడిగే దిక్కు లేదు.

మనవాళ్లు ఇక్కడ ఒక సంగతి మరిచిపోతుంటారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న. ఆ జూన్ నాటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ఇది తమిళుల గొడవ, మనకేం సంబంధం అని పక్కకు జరగడానికి లేదు.

రాజాజీ వైపు వాదన ఇదీ: ఖజానాలో డబ్బు లేదు, ఉన్న పంతుళ్లతోనే రెట్టింపు మంది పిల్లలకు చదువు చెప్పొచ్చు, పల్లెటూరి పిల్లలు నాలుగు ముక్కలు నేర్చి చేతిపనికి దూరం కాకుండా ఉంటారు. కులం ప్రసక్తి తమ పథకంలో లేదని ఆయన మనుషులు చెప్పారు.

కాగితం మీద లేదు, నిజమే. కానీ 1953 నాటి పల్లెలో తండ్రి పని అంటే ఏమిటి? మంగలి కొడుకు తండ్రి దగ్గర కత్తి పట్టడం నేర్చుకుంటాడు, చాకలి కొడుకు రేవుకి వెళ్తాడు, మాదిగ పిల్లవాడు చచ్చిన గొడ్డు తోలు తీయడం నేర్చుకుంటాడు. కరణం గారి అబ్బాయి ఖాళీ పూట లెక్కలు రాయడం నేర్చుకుంటాడు. పెరియార్, ఆయన సంస్థ ద్రవిడ కళగం, అణ్ణాదురై నాయకత్వంలోని డీఎంకే పట్టుకున్నది ఈ అంశాన్నే. 'కులకల్వి తిట్టం', అంటే కులవిద్య పథకం, అన్న పేరు వాళ్లు పెట్టిందే. ప్రభుత్వ పత్రాల్లో ఉన్న పొడవాటి పేరు ఇవాళ ఎవరికీ గుర్తులేదు, ఈ పేరు మాత్రం చిన్నపిల్లలకు కూడా తెలుసు.

వాళ్లు అడిగిన ఇంకో ప్రశ్నకు ఆనాడు సరైన జవాబు రాలేదు, ఈనాడూ రాలేదు. ఈ పథకం పల్లెలకే ఎందుకు? చేతిపని అంత గొప్పదైతే పట్నంలో ఆఫీసర్ల పిల్లలకు రోజంతా బడి ఎందుకు నడుస్తోంది? మైలాపూరు పిల్లవాడికి ఐదు గంటల చదువు, చెంగల్పట్టు పల్లెలో పిల్లవాడికి మూడు గంటలా?

1953 జులైలో గొడవ శాసనసభకు చేరింది. పథకాన్ని పూర్తిగా రద్దు చేయాలన్న తీర్మానానికి అటు 138, ఇటు 138 ఓట్లు వచ్చి, స్పీకర్ ఓటుతో ప్రభుత్వం గట్టెక్కింది. పథకాన్ని ఆపి నిపుణుల కమిటీకి పంపాలన్న మరో తీర్మానం మాత్రం 139-137తో నెగ్గింది. కమిటీ పథకాన్ని మెచ్చుకుంది, అయినా లాభం లేకపోయింది. కాంగ్రెస్‌లోనే కామరాజ్ వర్గం ఎదురు తిరిగింది. 1954 ఏప్రిల్ 13న రాజాజీ స్థానంలో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యారు. మే నెలలో పథకాన్ని ఎత్తేశారు.

నిండా ఏడాది కూడా నడవలేదు. అయినా ఆ తర్వాత ఈ రాష్ట్రంలో పిల్లలు, పని అన్న రెండు మాటలు కలిపి ఎవరు పలికినా ఆ రెండో పూటే గుర్తొస్తుంది. అసలు ఆ పూటను చేతిపని చదువు అనడమే తప్పు. పని నేర్పే చదువులో నేర్పేవాడు ఉండాలి, తప్పు చేస్తే దిద్దాలి, సరుకు ఎంతైంది, కూలి ఎంతైంది, మిగిలింది ఎంత అని పిల్లవాడికి చెప్పాలి. ఆ పూటలో పాఠమూ లేదు, కూలీ లేదు. పిల్లవాడి శ్రమ మాత్రం ఇంటికి ఉచితంగా దొరికింది.

ఇక్కడినుంచి ఏకంగా 2023కి రావచ్చు, ఎందుకంటే ఇప్పటి వాదన నడుస్తున్నది ఆ భాషలోనే. ఆ ఏడాది సెప్టెంబరు 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. 18 రకాల చేతివృత్తులవాళ్లకు శిక్షణ, పనిముట్లు, తక్కువ వడ్డీకి అప్పు. వినడానికి బాగుంది. అర్హత దగ్గర పేచీ వచ్చింది. కుటుంబం తరతరాలుగా చేస్తున్న వృత్తి అయి ఉండాలి, కనీస వయసు 18 ఉంటే చాలు. పద్దెనిమిదేళ్లవాడు కాలేజీలో ఉండాలా, తండ్రి కొలిమి దగ్గర అప్పు తీసుకుని కూర్చోవాలా అని తమిళనాడు అడిగింది. కుటుంబ వృత్తి షరతు తీసేయాలని, వయసు 35కి పెంచాలని కోరింది. ఈ రూపంలో అయితే అమలు చేయలేమని 2024 నవంబరులో ముఖ్యమంత్రి హోదాలో స్టాలిన్ కేంద్రమంత్రికి లేఖ రాశారు. 2025 ఏప్రిల్‌లో కలైంజర్ కైవినై తిట్టం (కరుణానిధి పేరిట చేతివృత్తుల పథకం) పేరుతో రాష్ట్రం సొంత పథకం తెచ్చింది. వృత్తులు 25 అయ్యాయి, కనీస వయసు 35, తండ్రి ఏం చేసేవాడన్న ప్రశ్న లేదు. 1953లో తండ్రి పని గురించి లేచిన అభ్యంతరానికి జవాబును ఈసారి నిబంధనల్లోనే రాసుకున్నారన్నమాట.

బడి విషయానికొస్తే తగువంతా 2020 జాతీయ విద్యా విధానం మీద. ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు ప్రతి పిల్లవాడూ పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక పనివాళ్ల దగ్గర పని చూడాలి, చేయాలి అని అందులో ఉంది. కేంద్రం చెప్పేది కూడా వినాలి. ఇది ఒక కులానికో పల్లెకో కాదు, డాక్టరు గారి అమ్మాయి కూడా కుమ్మరి చక్రం తిప్పుతుంది, ఏ పనులు నేర్పాలో రాష్ట్రాలూ స్థానికులూ నిర్ణయించుకోవచ్చు అంటుంది. కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన 'కౌశల్ బోధ్' వృత్తివిద్య పుస్తకాల్లో మొక్కలూ జంతువులతో ఒక ప్రాజెక్టు, యంత్రాలూ వస్తువులతో ఒకటి, మనుషులకు చేసే సేవలతో ఒకటి, ఏడాదికి మూడు ఉంటాయి. 1953తో పోలిస్తే ఇది చాలా మెరుగు, కాదనలేం.

కానీ ఆ విధాన పత్రం ఉదాహరణగా చెప్పిన పేర్లు చూడండి: వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుడు. బ్యాంకు కౌంటరు లేదు, వకీలు ఆఫీసు లేదు, మందుల కంపెనీ ల్యాబ్ లేదు. పిల్లల్ని పంపడానికి ఆ పత్రం రాసినవాళ్లకు ముందు తట్టిన చోటు ఏదో దాన్నిబట్టే తెలుస్తుంది.

తమిళనాడు మాత్రం ఈ డెబ్భై ఏళ్లలో ఏం చేసింది? ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. 1978లో ఈ రాష్ట్రంలో ప్లస్ టూ (మన ఇంటర్) మొదలైనప్పుడు మామూలు గ్రూపులతో పాటు వృత్తివిద్య గ్రూపు కూడా పెట్టారు. అదే ఏడాది దేశం మొత్తానికి ప్లస్ టూ వృత్తివిద్య ఎలా ఉండాలో చెప్పిన కమిటీకి అధ్యక్షుడు మద్రాసు ఆర్థికవేత్త మాల్కమ్ ఆదిశేషయ్య. మెషినిస్టు, ఎలక్ట్రికల్, నర్సింగ్, వ్యవసాయం, అకౌంట్స్, ఆడిటింగ్ ఇలా చేతికి పని దొరికే కోర్సులే. జరిగిందేమిటంటే, పదో తరగతిలో మంచి మార్కులొచ్చినవాళ్లు లెక్కల గ్రూపుకీ బయాలజీకీ పోయారు, మిగిలినవాళ్లను ఇందులో వేశారు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో వీళ్లకు ఉన్నది 2 శాతం సీట్లు. కులం పేరు చెప్పకుండానే ఎవరి పిల్లలు అటు వెళ్లారో ఏ హెడ్మాస్టరును అడిగినా చెబుతాడు. రాజాజీ పథకాన్ని ఓడించామన్న గర్వంతో ఈ సంగతిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

అదే కాలంలో ఎవరూ పోట్లాడని చేతిచదువు ఒకటి నడిచింది. సంచయిక. బడిలో పిల్లల పొదుపు బ్యాంకు. పిల్లలు వారానికి పావలా, అర్ధరూపాయి తెచ్చి కట్టేవాళ్లు, పంతులు చూస్తుండగా పెద్ద తరగతి పిల్లలే లెడ్జరు రాసేవాళ్లు, మొత్తం పోస్టాఫీసుకి వెళ్లేది. చదువు ముగిసేటప్పుడు చేతికి వందో యాభయ్యో వచ్చేది. ఆ పాస్‌బుక్కులో తండ్రి ఏ పని చేస్తాడన్న గడి లేదు, అందుకే దాన్ని ఎవరూ అనుమానించలేదని నా లెక్క. అది ఎప్పుడో మూలనపడింది. దాని స్థానంలో అంత సరళమైనది ఏదీ రాలేదు. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2014లో చెప్పింది, 2025లో నిబంధనలు మళ్లీ సవరించింది. ఏ బడి దాన్ని పాఠంగా వాడుకుంటోంది? నెలకు 25, 30 శాతం వడ్డీ ఇస్తామన్న ఒక బంగారు వ్యాపార సంస్థను నమ్మి లక్ష మందికి పైగా రూ.2,400 కోట్లకు పైనే పోశారని చెన్నై ఆర్థిక నేరాల విభాగం తేల్చిన ఊరు ఇది. కట్టినవాళ్లలో చదువుకోనివాళ్లే ఉన్నారనుకుంటే పొరపాటు.

ఈ తగువులో చెన్నై తెలుగువాళ్లు ఎక్కడున్నారంటే రెండు చోట్ల. ఒకటి సౌకార్‌పేట, ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు వెనక సందుల్లోని కంసాలి కొట్లు. అక్కడ పనివాడికి యజమాని బంగారం తూచి ఇస్తాడు, నగ తయారయ్యాక మళ్లీ తూస్తాడు. మధ్యలో తగ్గిందే తరుగు. ఆకురాయితో రాస్తే రాలే పొడిని పనివాడు సాయంత్రం కుచ్చుతో ఊడ్చి, చీటీలో కట్టి లెక్క అప్పజెబుతాడు. ఒప్పుకున్నదానికంటే తరుగు పెరిగితే మజూరీలో కోత. అదే నగ షోరూముకి వెళ్లాక కొనేవాళ్ల బిల్లులో తరుగు శాతం ఎన్నో రెట్లు పెరిగి కనిపిస్తుంది, దాని మీద మళ్లీ 3 శాతం జీఎస్టీ. ఆరో తరగతి పిల్లలను పది రోజులు అక్కడికి పంపితే ఈ రెండు తరుగుల మధ్య డబ్బు ఎవరికి పోతుందో లెక్క కట్టించాలి. పనీ, డబ్బూ రెండూ ఒకేసారి అర్థమయ్యే పాఠం అది. ఊదుగొట్టం పట్టుకుని ఫొటో దిగి రావడానికైతే వెళ్లనక్కర్లేదు.

రెండో చోటు ఉత్తర చెన్నై. కార్పొరేషన్ పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో, బ్రిటిష్ కాలం నుంచీ. 2009లో తమిళనాడు అరుంధతీయులకు ఎస్సీ కోటాలో ఇచ్చిన 3 శాతం రిజర్వేషన్ జాబితాలో ఆది ఆంధ్ర, మాదిగ పేర్లు ఉన్నాయి. తాత చీపురు పట్టాడు, తండ్రి పట్టాడు. ఆ పనైనా పర్మినెంటా అంటే అదీ లేదు, రెండు జోన్ల పారిశుద్ధ్య పనిని ప్రైవేటుకి ఇవ్వడం మీద 2025 ఆగస్టులో కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం రిప్పన్ బిల్డింగ్ ముందు రోజుల తరబడి కూర్చున్నది వీళ్లే. 'స్థానిక వృత్తి నిపుణుల దగ్గర శిక్షణ' అన్న మాట ఈ వీధిలో ఎలా వినిపిస్తుందో కలిగినవాళ్లుండే అణ్ణానగర్‌లో కూర్చుంటే తెలియదు.

ఇప్పటి తగువు కోర్టుల్లో ఉన్నది డబ్బు రూపంలో. జాతీయ విద్యా విధానం ప్రకారం ఆదర్శ బడులు నడిపే కేంద్ర పథకం పీఎం శ్రీ ఒప్పందం మీద సంతకం పెట్టలేదని, బడులకు కేంద్రం ఇచ్చే సమగ్ర శిక్షా నిధులు ఆపారంటూ 2025 మేలో తమిళనాడు సుప్రీంకోర్టులో దావా వేసింది, వడ్డీతో కలిపి రూ.2,291 కోట్లు అడిగింది. ఆ ఆగస్టులో జస్టిస్ మురుగేశన్ కమిటీ పని ఆధారంగా రాష్ట్రం సొంత పాఠశాల విద్యా విధానం విడుదల చేసింది. 2022 మార్చి 1న మొదలైన రాష్ట్ర నైపుణ్య పథకం నాన్ ముదల్వన్ ఏడాదికి 10 లక్షల మంది యువతకు నైపుణ్యం అన్న లక్ష్యంతో నడుస్తోంది. దాని బలం కాలేజీల్లో ఉంది. బడుల్లో అది ముఖ్యంగా ఏం చదవాలో చెప్పే మార్గదర్శనం.

అంబత్తూరులో సీబీఎస్‌ఈ బడికి వెళ్లే ఆరో తరగతి పిల్ల చేతిలో మాత్రం కౌశల్ బోధ్ ఇప్పటికే ఉంది, ఏడాదికి మూడు ప్రాజెక్టులు చేస్తోంది. పక్క వీధిలో కార్పొరేషన్ బడికి వెళ్లే పిల్లకు నాన్ ముదల్వన్ అందాలంటే తొమ్మిదో తరగతి దాకా ఆగాలి.