పిట్టగోడ లేవని అంచు: ఎత్తు పనుల్లో ప్రమాదాన్ని ముందే చూడాల్సింది ఎవరు?

కట్టుబడి పనిలో మనిషి జారిపడే చోట్లు ఏ సైటులోనైనా దాదాపు ఒకటే. పిట్టగోడ లేవని స్లాబు అంచు, అడ్డు కట్టని లిఫ్ట్ గుంత, డక్టు (పైపులు, వైర్లు పోయే దారి) కోసం వదిలిన కంత, గట్టిగా బిగించని పరంజా, కాలు పెడితే విరిగే రేకు. ఇవన్నీ పని మొదలవక ముందే కంటికి కనిపించేవే. వాటిని చూసి పని ఆపాల్సింది ఎవరన్న ప్రశ్నకు మన చట్టాలు ఆలస్యంగా జవాబిచ్చాయి, అదీ సగమే.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం యంత్రాలకు కంచె వేయమంది, నేలలోని గోతులకు మూత పెట్టమంది. అయితే కట్టుబడి సైట్లు దాని పరిధిలోకి రాలేదు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రాతి ఆనకట్టను వేలాది కూలీలు పరంజాలెక్కి, రాళ్లు మోసి లేపారు. ఆ కాలంలో వాళ్ల పనికంటూ ప్రత్యేకంగా ఒక కేంద్ర భద్రతా చట్టం లేదు.

1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణాలపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కట్టుబడి పని ప్రమాదకరమైనదేనని, అందులో పద్నాలుగేళ్లలోపు పిల్లలను పెట్టకూడదని చెప్పింది. ఆ తర్వాత కార్మిక సంఘాలు, జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ వంటివారు ఏళ్ల తరబడి పట్టుబట్టగా 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. 1998 కేంద్ర నిబంధనలు అంచులకు, కంతలకు, పరంజాలకు, వలలకు, బెల్టులకు విడివిడిగా షరతులు పెట్టాయి. అంచుకు రెయిలింగు ఉండాలన్న భారత ప్రమాణం మాత్రం 1978 నాటికే ఉంది. ఏం చేయాలో తెలియక ఇన్నాళ్లు ఆగిందేమీ లేదు.

నా దృష్టిలో అసలు లోపం వేరే చోట ఉంది. భద్రత బాధ్యత యజమానిదేనని 1996 చట్టం చెప్పింది, కానీ సేఫ్టీ ఆఫీసరు, భద్రతా కమిటీ తప్పనిసరి కావాలంటే సైటులో 500 మంది కార్మికులు ఉండాలంది. అయిదంతస్తుల అపార్టుమెంటు పనిలో అంతమంది ఎక్కడ ఉంటారు? అక్కడి లిఫ్ట్ గుంత లోతు మాత్రం మనిషి ప్రాణం తీయడానికి చాలు. పెద్ద కాంట్రాక్టరు నుంచి చిన్న కాంట్రాక్టరుకు, అతని నుంచి స్లాబుకు అచ్చు కట్టే సెంట్రింగ్ మేస్త్రీకి పని చేతులు మారేసరికి యజమాని ఎవరో అడ్డా మీది కూలీకి తెలియదు.

డబ్బుకు కొరత లేదు. కట్టుబడి కార్మికుల కోసం నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సుగా (ప్రత్యేక పన్నుగా) వసూలవుతోంది. 37,400 కోట్లకు పైగా వసూలైతే ఖర్చయింది సుమారు 9,500 కోట్లేనని 2018 మార్చి తీర్పులో సుప్రీంకోర్టు ఎత్తిచూపింది. ఆ ఖర్చయినది కూడా ఎక్కువగా సంక్షేమ పథకాలకే, అంటే మనిషి పడిన తర్వాత ఇంటివాళ్లకు అందే సాయం లాంటివాటికే. సైటుకు వెళ్లి అంచు చూసే ఇన్‌స్పెక్టరు అరుదు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త వృత్తి భద్రతా కోడ్ నిర్మాణ పనుల్లో సేఫ్టీ ఆఫీసరు హద్దును 250కి దించింది. ఇది ముందడుగే. అయినా కొలత ఇంకా తలల లెక్కే. మన రెండు రాష్ట్రాలూ సైటులోని జనంతో పాటు భవనం ఎత్తును కూడా కొలతగా తీసుకోవాలి. సెంట్రింగ్ విప్పిన రోజునే అంచుకు కంచె, గుంతకు మూత ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టే ఒక మనిషి పేరు ప్రతి సైటు బోర్డు మీద రాసి ఉండాలి.