టీఎస్‌హెచ్ కాగితం చెప్పేది, చెప్పనిది: హార్మోన్ జబ్బులపై అపోహలు - వాస్తవాలు

నా గదిలోకి వచ్చేవాళ్లలో చాలామంది కుర్చీలో కూర్చునేలోపే ఫైలు బల్ల మీద పెట్టేస్తారు. "థైరాయిడ్ ఎక్కువైందండీ డాక్టరు గారూ" అంటారు. నేను ఫైలు పక్కకు జరిపి, "ముందు మీ ఇబ్బందేమిటో చెప్పండి, ఈమధ్య ఏమేం మాత్రలు వేసుకుంటున్నారో చెప్పండి" అని అడుగుతాను. కొందరికి ఇది నచ్చదు. డబ్బు పోసి పరీక్షలు చేయించుకొస్తే చూడనైనా చూడరేమిటని వాళ్ల బాధ. కానీ నా దగ్గరికి వచ్చిన తప్పు నిర్ధారణల్లో ల్యాబ్ పొరపాట్లు తక్కువే. అంకె సరిగ్గానే ఉంటుంది. అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు.

అపోహ: "టీఎస్‌హెచ్ ఎక్కువ ఉందంటే థైరాయిడ్ ఎక్కువైనట్టే."

తిరగేసి చదవాలి. టీఎస్‌హెచ్ మెడలోని థైరాయిడ్ గ్రంథి నుంచి వచ్చేది కాదు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దానికి పంపే కబురు. థైరాయిడ్ మందగిస్తే పిట్యూటరీ గట్టిగా కేకేస్తుంది, టీఎస్‌హెచ్ పెరుగుతుంది. థైరాయిడ్ అవసరానికి మించి పనిచేస్తుంటే కేకతో పనిలేదు, టీఎస్‌హెచ్ పడిపోతుంది. ("నాకు థైరాయిడ్ ఉంది" అనే మాట విన్నప్పుడల్లా నవ్వొస్తుంది. అది గ్రంథి పేరు, అందరికీ ఉంటుంది.)

అపోహ: "టీఎస్‌హెచ్ నార్మల్ వచ్చింది కాబట్టి ఏ సమస్యా లేదు."

చాలామంది విషయంలో థైరాయిడ్ వరకు ఇది నిజమే. కానీ కేక వేయాల్సిన పిట్యూటరీయే దెబ్బతింటే?

ఒకావిడ ఏళ్ల తరబడి నీరసంతో తిరిగి తిరిగి వచ్చింది. రక్తం తక్కువని టానిక్కులు, నీరసమని సెలైన్లు, చివరికి టెన్షనే అని నిద్రమాత్రలు కూడా అయ్యాయి. టీఎస్‌హెచ్ ప్రతిసారీ నార్మల్. నేను ఆఖరి కాన్పు సంగతి అడిగాను. రక్తం విపరీతంగా పోయిందట, ఎక్కించాల్సి వచ్చిందట. బిడ్డకు పాలు పడలేదు. ఆ తర్వాత నెలసరి కూడా మళ్లీ రాలేదు. "పిల్లలు చాలనుకున్నాం కదండీ, రాకపోతే పీడా పోయిందనుకున్నా" అంది. నాకు కావలసినదంతా ఆ ఒక్క మాటలో దొరికింది.

దీన్ని షీహన్ సిండ్రోమ్ అంటాం. 1937లో షీహన్ అనే వైద్యుడు దీన్ని వివరించాడు కాబట్టి ఆ పేరు. గర్భంతో ఉన్నప్పుడు పిట్యూటరీ పెరుగుతుంది, దానికి రక్తమూ ఎక్కువ కావాలి. కాన్పులో రక్తం బాగా పోయి బీపీ పడిపోతే గ్రంథిలో కొంత భాగమో, చాలా భాగమో చచ్చిపోతుంది. అప్పుడు థైరాయిడ్ గ్రంథి చేసే హార్మోన్ టీ4 తక్కువగా ఉన్నా టీఎస్‌హెచ్ పెరగదు, నార్మల్‌లాగే కనిపిస్తుంది. అందుకే అనుమానం ఉన్నచోట ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే టీ4), ఉదయం 8 గంటల ప్రాంతంలో తీసిన కార్టిసాల్ (పిట్యూటరీ కబురు అందుకుని అడ్రినల్ గ్రంథులు చేసే హార్మోన్) కూడా చూడాలి. సాయంత్రం కార్టిసాల్ మామూలుగానే తగ్గుతుంది, అప్పుడు తీసిన అంకెతో ఇక్కడ ఏమీ తేలదు.

వైద్యంలో వరస ముఖ్యం. కార్టిసాల్ లోటు ఉంటే ముందు హైడ్రోకార్టిసోన్ (కార్టిసాల్ లోటు తీర్చే మాత్ర) ఇవ్వాలి, ఆ తర్వాతే థైరాక్సిన్ (టీ4 లోటు తీర్చే మాత్ర). తిరగబడితే ఉన్న కాస్త కార్టిసాల్ కూడా ఖర్చైపోయి మనిషి కుప్పకూలవచ్చు. ఆవిడ కొన్ని వారాల్లోనే ఇంటి పని చేసుకునే స్థితికి వచ్చింది. ఇప్పుడు నేను ప్రతిసారీ గుర్తుచేసేది ఒకటే: జ్వరం వస్తే హైడ్రోకార్టిసోన్ డోసు రెట్టింపు చేసుకోవాలి, వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఆసుపత్రికి రావాలి.

అపోహ: "వేరే జబ్బుకు వేసుకునే మాత్రలతో హార్మోన్ పరీక్షకు సంబంధం ఏముంది?"

చాలా ఉంది. జుట్టు రాలుతోందని వేసుకునే విటమిన్, బయోటిన్‌నే తీసుకోండి. ఒంటికి రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములు, షాపులో దొరికే మాత్రల్లో 10 మిల్లీగ్రాములవీ ఉంటాయి, అంటే మూడొందల రెట్లు పైనే. చాలా ల్యాబ్ యంత్రాలు పరీక్షలోనే బయోటిన్ వాడతాయి కాబట్టి, ఒంట్లో అది ఎక్కువుంటే టీఎస్‌హెచ్ తక్కువగా, థైరాయిడ్ హార్మోన్లు టీ3, టీ4 ఎక్కువగా చూపిస్తాయి. లేని హైపర్‌థైరాయిడ్ (థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు) కాగితం మీద పుడుతుంది. జుట్టు రాలుతున్నవాళ్లే థైరాయిడ్ పరీక్షకూ వస్తారు, తమాషా అదే. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు దాన్ని ఆపాలి.

రెండోది నా సొంత పొరపాటు. ప్రాక్టీసు మొదట్లో ఒకమ్మాయికి ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే పిట్యూటరీ హార్మోన్) బాగా ఎక్కువ వచ్చింది. మెదడులో గడ్డేమోనని నేను ఎంఆర్‌ఐ రాశాను. ఇంటిల్లిపాదీ ఏడ్చారు. స్కాన్‌లో ఏమీ లేదు. తీరా చూస్తే రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటోంది, అందులో డోంపెరిడోన్ అనే వాంతుల మందు కలిసి ఉంది. ఆ మందు ఒక్కటే ప్రొలాక్టిన్‌ను 100 దాటించగలదు. వాంతులకూ, కడుపు ఉబ్బరానికీ ఇచ్చే మరికొన్ని మందులూ అంతే. ఇప్పుడు స్కాన్ రాసేముందు మందుల సంగతి, గర్భం, టీఎస్‌హెచ్, ఈ మూడూ చూసుకుంటాను. థైరాయిడ్ బాగా మందగించినా ప్రొలాక్టిన్ పెరుగుతుంది మరి.

అపోహ: "డోసు పెంచినా తగ్గట్లేదు, జబ్బు ముదిరింది."

ముందు థైరాక్సిన్ మాత్ర ఎలా వేసుకుంటున్నారో చెప్పండి. కాఫీతో కలిపి వేసుకుంటే పూర్తిగా ఒంటపట్టదు. నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి కాఫీ తాగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. రెండూ ఒకే డబ్బాలో పెట్టుకుని ఒకే గుక్కలో మింగేవాళ్లను ఎంతమందిని చూశానో. ఇంకొకటి, డోసు మార్చిన పది రోజులకే పరీక్ష చేయించుకుంటే లాభం లేదు. థైరాక్సిన్ సగానికి తగ్గడానికే వారం పడుతుంది, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి.

అపోహ: "ఒకసారి మొదలుపెడితే జీవితాంతమే, అందుకే మొదలుపెట్టకూడదు."

కొందరికి అసలు మొదలుపెట్టనవసరమే లేదు. టీ4 సరిగ్గా ఉండి, టీఎస్‌హెచ్ 10 లోపు కాస్త పెరిగితే, రెండు మూడు నెలలాగి మళ్లీ చూస్తాం. చాలామందిలో అదే దిగుతుంది. పెద్ద వయసువాళ్లకు కాస్త ఎక్కువుండటం మామూలే. గర్భిణుల లెక్క మాత్రం పూర్తిగా వేరు. "కడుపుతో ఉన్నదానికి మాత్రలేంటే" అని అత్తగారు ఆపించిన సందర్భాలున్నాయి. ఆపడం కాదు, అప్పటికే వాడుతున్నవాళ్లకు గర్భం తెలియగానే సాధారణంగా డోసు పెంచాల్సి వస్తుంది.

చిన్నచిన్నవి: థైరాయిడ్ సమస్య ఉందని ఉడికించిన క్యాబేజీ మానక్కర్లేదు. ఇరవై కిలోలు పెరిగితే అదంతా థైరాయిడ్ మీద వేయకండి, దాని వాటా సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోలు. పీసీఓఎస్‌లో (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే అండాశయాల సమస్య) స్కాన్‌లో కనిపించేవి "నీటి బుడగలు" కావు, ఎదగని అండాల సంచులు. నెలసరి మొదలై నాలుగైదేళ్లే అయిన పిల్లకు ఒక్క స్కాన్ చూసి ఆ పేరు పెట్టకూడదు.

వచ్చేటప్పుడు ఫైలుతోపాటు ఇంట్లోని మందుల అట్టలన్నీ కవర్లో వేసుకుని రండి. షాపులో అడిగి తెచ్చుకున్నవీ, పేరులేని పొట్లాలూ సహా. కీళ్లనొప్పులకని ఇచ్చే కొన్ని పొడుల్లో స్టీరాయిడ్ కలిపి ఉంటుంది. నెలల తరబడి వాడినవాళ్లకు అడ్రినల్ గ్రంథులు నిద్రపోయి ఉంటాయి. తిడతానని భయపడి వచ్చేముందు రోజే దాన్ని ఆపేయకండి, ఎలా తగ్గించాలో నేను చెబుతాను.