స్ప్రూస్ కింద పోయిన ఫార్మ్‌లు: వేల్స్ చెట్ల గొడవ వెనక కథ

2026 జనవరి 1న బ్రిటన్ పడమటి వైపునున్న వేల్స్‌లో కొత్త రైతు సాయం పథకం అమల్లోకి వచ్చింది. దాని వెనక పెద్ద చెట్ల గొడవే ఉంది. 2024 మార్చిలో కార్డిఫ్‌లోని వెల్ష్ పార్లమెంటు సెనెద్ మెట్ల మీద 5,500 జతల రబ్బరు బూట్లు వరసగా పెట్టిన ఫొటో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ పథకం అప్పటి రూపంలోనే వస్తే 5,500 వ్యవసాయ ఉద్యోగాలు పోయే అవకాశం ఉందని ప్రభుత్వం వేయించిన అంచనాలోనే ఉంది. పోయే ఒక్కో ఉద్యోగానికి ఒక్కో జత చొప్పున రైతులు పెట్టారు. వాళ్ళను అంతగా రెచ్చగొట్టిన షరతు ఒకటే: సాయం కావాలంటే పొలంలో 10 శాతం చెట్లు ఉండాలి.

బయటినుంచి చూసేవాళ్ళకు ఇది వింతగానే ఉంటుంది. చెట్లు నాటమంటే రోడ్డెక్కడమేంటి? వాతావరణం ఒకవైపు, మొండి రైతులు ఇంకోవైపు అన్నట్టు రాసినవాళ్ళున్నారు. వేల్స్ కొండల్లో వందేళ్ళుగా ఏం జరిగిందో చూస్తే ఆ మాట నిలబడదు.

మంచుయుగం తర్వాత అడవులు పెరగడం, మనుషులు వాటిని కొట్టి గొర్రెలు మేపడం, గనులకీ ఓడలకీ కలప పోవడం అందరూ చెప్పే కథే. ఇవాళ్టి గొడవకు అసలు మూలం అక్కడ లేదు. 1919లో ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు ఓడల్ని ముంచుతుంటే బ్రిటన్‌కు కలప రావడం కష్టమైంది. బొగ్గు గనుల్లో పైకప్పు కూలకుండా నిలబెట్టే దుంగలు లేకపోతే బొగ్గు లేదు, బొగ్గు లేకపోతే యుద్ధమే ఆగిపోతుంది. అప్పటికి దేశంలో అడవి 5 శాతం దగ్గరే ఉంది. అందుకని ప్రభుత్వం ఫారెస్ట్రీ కమిషన్ పెట్టింది. దానికి కావలసింది చవకైన భూమి, తొందరగా ఎదిగే చెట్టు. చెట్టు ఉత్తర అమెరికా పడమటి తీరంలో దొరికింది, సిట్కా స్ప్రూస్. వానకూ గాలికీ తట్టుకుంటుంది, మట్టి పలచగా ఉన్నా పెరుగుతుంది, 40 ఏళ్ళకు కోతకొస్తుంది. భూమి వేల్స్ కొండల మీద దొరికింది. 1920ల్లో, 30ల్లో గొర్రెల ధరలు పడిపోయి అప్పుల్లో ఉన్న కొండ రైతు అమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు. లోయల్లోని మంచి భూముల జోలికి ఎవరూ పోలేదు.

అంతా గుంజుకున్నారని చెప్పలేం. చాలా ఫార్మ్‌లు కాగితం మీద ఇష్టపూర్వకంగా అమ్మినవే. కానీ ఒక కొండవాలు మీద నాలుగు కుటుంబాలు పోతే ఐదో కుటుంబానికి గొర్రెల ఉన్ని కత్తిరించే రోజున సాయం వచ్చేవాళ్ళుండరు. చాపెల్‌లో, అంటే ఊరి ప్రార్థన మందిరంలో, పాడే గొంతులు తగ్గుతాయి. బడికి పిల్లలు చాలరు. అప్పుడు ఆ ఐదో కుటుంబమూ అమ్ముతుంది. కార్మార్థెన్‌షైర్‌లో బ్రెక్‌వా అడవి చుట్టుపక్కల, రిడ్‌కమేరై వైపు జరిగింది ఇదే. తాతలు దున్నిన నేలమీద స్ప్రూస్ వరసలు లేచాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కమిషన్ టవీ నది ఎగువ లోయలో మరిన్ని ఫార్మ్‌ల మీద కన్నేసింది. బలవంతపు సేకరణ మాట కూడా వచ్చింది. జనం గట్టిగా ఎదురు తిరిగారు. నా ఉద్దేశంలో మలుపు అక్కడే ఉంది. అంతకుముందు వెల్ష్ రైతుకు అడవి అంటే తన కొండకు దిగువనున్న ఓక్ తోపు. ఆ తర్వాత అడవి అంటే లండన్ నుంచి వచ్చే ఫైలు.

అదొక్కటే అయితే మర్చిపోయేవారేమో. 1940లో ఎపింట్ కొండ మీద 54 ఇళ్ళు ఖాళీ చేయించి సైన్యం ఫిరంగుల సాధనకు తీసుకుంది. ఇప్పటికీ తిరిగి ఇవ్వలేదు. 1965లో లివర్‌పూల్ నగరానికి నీళ్ళ కోసం ట్రవెరిన్ లోయను, అందులోని కాపెల్ కెలిన్ ఊరిని ముంచేశారు. ఆ ముంపుకు అనుమతిచ్చిన చట్టానికి వేల్స్ ఎంపీల్లో ఒక్కరు కూడా అనుకూలంగా ఓటు వేయలేదు, అయినా 1957లో పాసైంది. ‘ట్రవెరిన్‌ను గుర్తుంచుకోండి’ అని వెల్ష్‌లో రాసిన ఒక పాత గోడ ఇవాళ్టికీ రోడ్డు పక్కన నిలబడి ఉంది. ఫిరంగులు, నీళ్ళు, చెట్లు వెల్ష్ కొండవాసి మనసులో ఒకే గదిలో ఉంటాయి.

కమిషన్ వైపు కూడా చెప్పుకోడానికి ఉంది. పని లేని రోజుల్లో అది జీతాలిచ్చింది. హావ్రెన్ అడవి పక్కన కూలీల కోసం 1950 ప్రాంతంలో కొత్త ఊరే కట్టింది. మధ్య వేల్స్‌లో ఎర్ర ఉడుతలు ఇంకా మిగిలి ఉన్నాయంటే స్ప్రూస్ లాంటి ఈ సూది ఆకుల చెట్ల వల్లే, ఎందుకంటే అమెరికా నుంచి తెచ్చిన బూడిద ఉడుతలకు వెడల్పాటి ఆకుల చెట్లే ఎక్కువ నచ్చుతాయి.

అయితే జామాయిల్ తోటలో నడిచినవాళ్ళకు స్ప్రూస్ తోట ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వరసలు, నీడ, కింద ఎండిన సూదులు. అసలు బాధ ఏమిటంటే, వీటిలో చాలా తోటలు ఖాళీ కొండ మీద మాత్రమే రాలేదు. యుద్ధం తర్వాత పాత ఓక్ అడవుల్ని కూడా కొట్టేసి, మందు పెట్టి చంపి, వాటి స్థానంలో స్ప్రూస్ వేశారు. వెడల్పాటి ఆకుల చెట్లను కాపాడాలన్న విధానం 1985లో గానీ రాలేదు.

ఆ ఓక్ అడవి ఎలాంటిదో తెలిస్తే పోయింది ఎంతో అర్థమవుతుంది. అట్లాంటిక్ మీదినుంచి వచ్చే వాన ఏడాది పొడుగునా తడుపుతుంటుంది కాబట్టి దాన్ని సమశీతోష్ణ వర్షారణ్యం అంటారు. వంకర్లు తిరిగిన సెసైల్ ఓక్ కొమ్మల మీద అరచేతి మందాన నాచు, దాని మీద ఫెర్న్‌లు, ఊపిరితిత్తి ఆకారంలో వేలాడే పచ్చటి లైకెన్. కింద బండలకు కూడా అదే పచ్చ దుప్పటి. ఏప్రిల్‌లో పశ్చిమ ఆఫ్రికా నుంచి పైడ్ ఫ్లైక్యాచర్ అనే నలుపు తెలుపు పిట్ట వస్తుంది, చెట్టు తొర్రలో గూడు పెట్టి ఓక్ ఆకుల మీది గొంగళిపురుగులతో పిల్లల్ని పెంచుతుంది. వుడ్ వార్బ్లర్, రెడ్‌స్టార్ట్ కూడా ఆ రోజుల్లోనే దిగుతాయి. అడవికి పైన, కంచె దాటాక, పూర్తిగా కొండా కాని పొలమూ కాని నేల ఒకటుంటుంది. వెల్ష్‌లో దాన్ని ఫ్రీద్ అంటారు. హాథార్న్, రోవన్ చెట్లు ఒకటీ అరా, మధ్యలో పొదలు, గొర్రెలు.

ఇంగ్లండ్‌లో, స్కాట్లండ్‌లో ఎర్ర గద్దను చంపి చంపి 19వ శతాబ్దంలోనే లేకుండా చేశారు. బ్రిటన్ మొత్తానికి మిగిలిన కొద్ది జతలు దాక్కున్నది టవీ, కోథి నదుల ఎగువ లోయల్లోనే. గూడు వాలు మీది ఓక్ చెట్టులో, తిండి కొండ మీద చచ్చిన గొర్రెలో. 1903 నుంచి వాటి గూళ్ళకు కాపలా ఏర్పాటు చేశారు. ఇవాళ అది వేల్స్ అంతటా ఎగురుతోంది. ఆ గద్దను బతికించింది అడవి మాత్రమే కాదు, గొర్రెల కాపరి పక్కనున్న అడవి.

ఫ్లైక్యాచర్ విషయంలో కూడా పరిశీలకులు ఇలాంటిదే గమనించారు. గొర్రెలు రాకుండా ఓక్ అడవికి పూర్తిగా కంచె వేస్తే కొన్నేళ్ళకు కింద ముళ్ళపొదలు కమ్ముకుంటాయి, నాచుకు వెలుతురు అందదు, చెట్టు కింద ఖాళీ కావలసిన పిట్టలు వేరే చోటు వెతుక్కుంటాయి. మరీ ఎక్కువ మేపితే ఒక్క ఓక్ మొలకా బతకదు, అడవి అంతా ముసలి చెట్లే మిగులుతాయి. కొద్దిగా మేయాలి, ముఖ్యంగా ఆవులు. ఆ ‘కొద్దిగా’ ఎంతో తెలిసినవాడు అక్కడ పుట్టి పెరిగిన రైతే.

రైతుల తప్పు లేదనను. 1990ల్లో వేల్స్‌లో గొర్రెలు కోటి దాటాయి, కొండలు గొరిగినట్టయ్యాయి. అయితే అప్పట్లో సబ్సిడీ తలకింత చొప్పున వచ్చేది. ఎన్ని గొర్రెలుంటే అంత డబ్బు అని చెప్పిన ప్రభుత్వాలే ఇప్పుడు చెట్లు లేవేమని అడుగుతున్నాయి.

2021లో వెల్ష్ ప్రభుత్వం 2030కల్లా 43,000 హెక్టార్లు, 2050కల్లా 1,80,000 హెక్టార్లు కొత్త అడవి కావాలని లక్ష్యం పెట్టింది. అదే ఏడాది లండన్‌లోని ఒక పెట్టుబడి సంస్థ చెట్లు నాటడానికని కోథి ఎగువ లోయలో కూర్ట్-అ-కాద్నో దగ్గర ఒక ఫార్మ్ కొన్నది. ఎర్ర గద్దను కాపాడిన లోయ అదే. చెట్లు పీల్చుకునే కార్బన్‌ను లెక్కగట్టి అమ్ముకోవడం వచ్చాక కొండ భూమికి బయటివాళ్ళు పెట్టే ధర ఊళ్ళో కుర్రాడు పెట్టలేడు. 2023 డిసెంబరులో 10 శాతం షరతు ఉన్న ముసాయిదా బయటికొచ్చింది ఈ వాతావరణంలోనే. కౌలు రైతు యజమాని ఒప్పుకోకపోతే మొక్క కూడా నాటలేడు. సముద్రపు గాలికి చెట్టు నిలవని పొలాలున్నాయి. ఇవేవీ ఆ ముసాయిదా రాసినవాళ్ళు ముందే గట్టిగా ఆలోచించినట్టు కనిపించలేదు.

ఇంకో లెక్క కూడా ఉంది. 2021 జనాభా లెక్కల్లో వేల్స్‌లో వెల్ష్ మాట్లాడేవాళ్ళు 18 శాతం లోపే. వ్యవసాయం, అడవి, చేపల పనిలో ఉన్నవాళ్ళలో మాత్రం 43 శాతం. ఫార్మ్ పోతే భాష కూడా పోతుందన్న భయం ఊరికే వచ్చింది కాదు. భాష ఎక్కడ బతుకుతుందో తెలిసిన తెలుగువాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

2024 మేలో పథకాన్ని వాయిదా వేశారు. 2025 జులైలో వచ్చిన తుది రూపంలో 10 శాతం చెట్ల షరతు లేదు. ప్రకృతి సంఘాలు నిరాశపడ్డాయి. ఇప్పుడు ప్రతి రైతూ తన పొలంలో చెట్లకు, కంచె మొక్కలకు చోటెక్కడుందో ఒక ప్లాన్ రాయాలి. ఎంత నాటాలన్నది చాలావరకు తన చేతిలోనే ఉంది.

స్ప్రూస్ కోతకొచ్చినప్పుడు కొండ ఒక్కసారిగా బోసిపోతుంది. అప్పుడు మొద్దుల మధ్య పాత ఫార్మ్ గోడలు, గడప రాయి, గొర్రెల దొడ్డి బయటపడతాయి. ఆ గోడల పక్కన తరచు ఒకటో రెండో పెద్ద సికమోర్ చెట్లు కూడా కనిపిస్తాయి. ఇంటికి గాలి తగలకుండా ఆ ఇంటివాళ్ళు నాటుకున్నవి అవి.