ఎక్సెల్ నుంచి ట్యాలీకి: పైథాన్‌తో ఎక్స్‌ఎమ్‌ఎల్ తయారీపై అపోహలు - వాస్తవాలు

అకౌంట్స్ ఆఫీసుల్లో తరచూ వచ్చే పని ఇది. షాపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి షీటు వస్తుంది, అందులోని బిల్లులన్నీ ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సేల్స్ ఓచర్లుగా (అమ్మకాల ఎంట్రీలుగా) ఎక్కాలి. చేత్తో కొట్టే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి పైథాన్ స్క్రిప్టుతో ఎక్స్‌ఎమ్‌ఎల్ (డేటాను ట్యాగుల మధ్య పెట్టి రాసే పద్ధతి) ఫైల్ తయారుచేసి ఇంపోర్ట్ చేస్తారు. ట్యాలీప్రైమ్ 4.0 నుంచి ఎక్సెల్‌ను నేరుగా తీసుకునే సదుపాయం ఉంది. షీటు పద్ధతిగా ఉండి, నెలకోసారి చేసే పనైతే అదే వాడండి. షీటుకో రకంగా కాలమ్స్ మారుతున్నా, రోజూ మనిషి చెయ్యి పడకుండా పని జరగాలన్నా స్క్రిప్టే నయం. ఈ పని కొత్తగా మొదలుపెట్టినవాళ్ల దగ్గర నేను మళ్లీ మళ్లీ వినే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో నిజమెంతో చూద్దాం.

అపోహ: ఎక్స్‌ఎమ్‌ఎల్ అంటే మామూలు టెక్స్టే. స్ట్రింగులు అతికించుకుంటూ పోతే సరిపోతుంది.

పది బిల్లులతో పరీక్షిస్తే నిజమే అనిపిస్తుంది. అసలు డేటా వచ్చేసరికి అందులో ‘లక్ష్మీ & కో’ లాంటి పార్టీ ఒకటైనా ఉంటుంది. ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో & గుర్తుకు ప్రత్యేకమైన అర్థం ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు రాస్తే ఆ ఒక్క బిల్లే కాదు, ఫైల్ మొత్తం చెల్లదు. నెరేషన్‌లో (బిల్లుకు రాసే వివరణలో) ఎవరైనా < గుర్తు వాడినా అంతే.

దీనికి చాలామంది ఆ గుర్తుల బదులు ఎక్స్‌ఎమ్‌ఎల్ కోడ్‌లు వచ్చేలా రీప్లేస్ పెట్టుకుంటారు. అక్కడ వరస ముఖ్యం. ముందు & ను మార్చి, ఆ తర్వాతే < ను మార్చాలి. తలకిందులైతే < కోసం మీరు పెట్టిన కోడ్‌లోని & కూడా మళ్లీ మారిపోతుంది. ఇంకొందరు చేత్తో మార్చిన పేరును తెచ్చి ఎక్స్‌ఎమ్‌ఎల్ రాసిపెట్టే లైబ్రరీకి (రెడీమేడ్ కోడ్‌కు) ఇస్తారు. లైబ్రరీ తన పని తాను చేస్తుంది కాబట్టి రెండుసార్లు మారిన పేరు ట్యాలీలో పిచ్చి అక్షరాలతో కొత్త లెడ్జర్‌లా కనిపిస్తుంది. పైథాన్‌తో పాటే వచ్చే ఎలిమెంట్‌ట్రీ అనే లైబ్రరీకి శుభ్రమైన పేరు ఇవ్వండి, ట్యాగులు, గుర్తులు అదే చూసుకుంటుంది.

అపోహ: లైబ్రరీ వాడితే తప్పు ఫైల్ వచ్చే అవకాశమే లేదు.

ఇది కాస్త అనుభవం ఉన్నవాళ్ల నమ్మకం, అందుకే ఎక్కువ టైమ్ తినేస్తుంది. 1998లో వచ్చిన ఎక్స్‌ఎమ్‌ఎల్ 1.0 ప్రమాణం ప్రకారం 32 కన్నా తక్కువ కోడ్ ఉన్న అక్షరాల్లో మూడింటికే అనుమతి ఉంది: 9, 10, 13. అంటే ట్యాబ్, కొత్త లైను, క్యారేజ్ రిటర్న్. మిగతావి ఏ రూపంలోనూ ఉండకూడదు. సీడేటాలో (ఉన్నదున్నట్టు చదవమని చెప్పే గుర్తుల మధ్య) చుట్టి పెట్టినా కుదరదు, అంకెల కోడ్‌గా రాసినా కుదరదు.

వర్డ్‌లో షిఫ్ట్ ఎంటర్ కొట్టినప్పుడు పడే అక్షరం కోడ్ 11. అలా టైప్ చేసిన అడ్రస్ కాపీ పేస్టుల మధ్య పాత బిల్లింగ్ డేటాబేస్‌లోకి చేరొచ్చు. కంటికి అది కనిపించదు. ఎలిమెంట్‌ట్రీ దాన్ని ఆపదు, ఎర్రర్ ఇవ్వకుండా ఫైల్‌లో రాసేస్తుంది. చదివే సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ అక్షరం దగ్గర ఆగిపోతుంది. అందుకే షీటులోంచి వచ్చే ప్రతి టెక్స్టునూ ముందు ఒక చిన్న ఫంక్షన్ గుండా పంపి ఇలాంటివి తీసేయాలి. రాసిన ఫైల్‌ను అదే స్క్రిప్టులో మళ్లీ తెరిచి పార్స్ చేయించాలి, అంటే ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా చదివించి చూడాలి. రెండు లైన్ల పని, ఎవరూ చేయరు. నా వరకు ఇది చేయని స్క్రిప్టు పూర్తయినట్టు కాదు.

అపోహ: ఫైల్ పైన యూటీఎఫ్-8 అని రాస్తే తెలుగు సరిగ్గా వస్తుంది.

ఆ పై లైను (డిక్లరేషన్) చెప్పేది ఒక మాట మాత్రమే, అక్షరాలను యూటీఎఫ్-8 పద్ధతిలో బైట్లుగా రాశామని. ఫైల్‌లో బైట్లు నిజంగా అలా ఉన్నాయా లేదా అన్నది వేరే సంగతి. విండోస్‌లో ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైల్ తెరిస్తే పైథాన్ సాధారణంగా సిస్టమ్ కోడ్‌పేజీని (ఆ సిస్టమ్ వాడే అక్షరాల పట్టికను) తీసుకుంటుంది. మన దగ్గర చాలా సిస్టమ్స్‌లో అది 1252. అందులో తెలుగు అక్షరాలు లేవు, ₹ గుర్తూ లేదు కాబట్టి స్క్రిప్టు అక్కడికక్కడే ఆగిపోతుంది. అది మంచిదే, వెంటనే తెలుస్తుంది. టెన్షన్ పెట్టేది పొడవు గీత (–). అది 1252లో ఉంది కాబట్టి స్క్రిప్టు ఆగదు, కానీ పడిన బైటు యూటీఎఫ్-8లో చెల్లదు. వందల నెరేషన్లలో ఏ ఒక్క దాంట్లో ఆ గీత ఉన్నా ఇంపోర్ట్ దెబ్బతింటుంది.

దీనికి ఎదురుగా ఇంకో భయం ఉంది. ఎలిమెంట్‌ట్రీకి ఎన్‌కోడింగ్ చెప్పకపోతే అది ఆస్కీలో, అంటే ఇంగ్లిష్ అక్షరాలే ఉన్న పట్టికతో రాస్తుంది. అప్పుడు ‘త’ ఉన్నచోట &#3108; అని కనిపిస్తుంది. డేటా పాడైందని కంగారుపడతారు గానీ ఏమీ కాలేదు, ఏ పార్సర్ అయినా దాన్ని ‘త’ గానే చదువుతుంది. మనిషి చదవడానికి వీలుగా ఉండాలంటే రాసేటప్పుడే యూటీఎఫ్-8 అని, డిక్లరేషన్ కావాలని చెప్పండి.

తెలుగు పేర్లకు ఇంకో చిక్కు. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల మధ్యలో కనిపించని విడదీత అక్షరం ఒకటి ఉంటుంది. ఒకరు దానితో, ఇంకొకరు అది లేకుండా టైప్ చేస్తే స్క్రిప్టుకు అవి రెండు వేరు వేరు పేర్లు. పేర్లు పోల్చే ముందే దాని సంగతి తేల్చుకోవాలి.

అపోహ: ఫైల్ బ్రౌజర్‌లో తెరుచుకుంది, ఇక డోకా లేదు.

బ్రౌజర్ చూసేది ట్యాగులు సరిగ్గా మూసుకున్నాయా అని మాత్రమే. లెక్క సరిపోయిందో లేదో దానికేం తెలుసు?

ఒక బిల్లు తీసుకుందాం. సరుకు 10,000, సీజీఎస్టీ 900, ఎస్జీఎస్టీ 900, పార్టీ ఇవ్వాల్సింది 11,800. ట్యాలీ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో డెబిట్ మొత్తానికి మైనస్ పెట్టాలి. కాబట్టి పార్టీ లైనులో -11800, మిగతా మూడు లైన్లలో మామూలు అంకెలు, అన్నీ కూడితే సున్నా రావాలి. మైనస్ అంటే క్రెడిట్ అనుకుని రాసినా ఫైల్ చక్కగా తెరుచుకుంటుంది. పైసల దగ్గర ఫ్లోట్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకం) వాడితే కూడిక ఖచ్చితంగా సున్నా కాకపోవచ్చు, ఉన్నదున్నట్టు దాచే డెసిమల్ రకం వాడండి. పన్నును ముందు రౌండ్ చేసి, ఆ రౌండ్ చేసిన అంకెలతోనే పార్టీ మొత్తం కట్టండి.

తేదీ విషయం ఇంకా జాగ్రత్త. ట్యాలీకి 2024 మే 4 అంటే 20240504, మధ్యలో గీతలు ఉండవు. సీఎస్‌వీ ఫైల్‌లో (కామాలతో విడదీసిన టెక్స్టు షీటులో) 04-05-2024 అని ఉంటే, నెల ముందనుకుని చదివే పద్ధతిలో అది ఏప్రిల్ 5 అయిపోతుంది. 13వ తేదీ నుంచి అయితే అలా చదవడం కుదరదు కాబట్టి తప్పు బయటపడొచ్చు. మొదటి 12 రోజుల బిల్లులే నిశ్శబ్దంగా వేరే నెలల్లోకి వెళ్లిపోతాయి, ఆ నెలల జీఎస్టీ లెక్క తారుమారవుతుంది. తేదీ ఏ వరసలో ఉందో స్క్రిప్టుకు స్పష్టంగా చెప్పండి, ఊహించనివ్వకండి.

షీటును పాండాస్ అనే పైథాన్ లైబ్రరీతో చదివేవాళ్లకు ఒక మాట. ఖాళీ గడిని టెక్స్టుగా మారిస్తే నెరేషన్‌లో ‘నాన్’ (nan) అనే మూడక్షరాల ఇంగ్లిష్ మాట పడుతుంది. బిల్లు నంబర్ కాలమ్‌లో ఒక్క గడి ఖాళీగా ఉన్నా 12 కాస్తా 12.0 అవుతుంది. ‘0012’ అని ఉన్న నంబర్ ముందు సున్నాలు పోతాయి. బిల్లు నంబర్లు, జీఎస్టీ నంబర్లు, ఫోన్ నంబర్లు మొదటి నుంచీ టెక్స్టుగానే చదవాలి.

అపోహ: ఫైల్‌లో కొత్త లైన్లు, ఖాళీలు చేర్చి అందంగా సర్దితే పోయేదేమీ లేదు.

ట్యాలీ ఫైల్ విషయంలో చాలావరకు నిజమే, పైథాన్ 3.9 నుంచి ఎలిమెంట్‌ట్రీలోనే ఇండెంట్ సదుపాయం ఉంది. కానీ డిజిటల్ సంతకం ఉన్న ఎక్స్‌ఎమ్‌ఎల్ జోలికి వెళ్లకండి. ఆధార్ ఆఫ్‌లైన్ ఈ-కేవైసీ ఫైల్ అలాంటిదే. కొత్త లైన్లు చేర్చి సర్దితే సంతకం సరిపోదు.

అపోహ: ఎక్స్‌ఎమ్‌ఎల్ పాతబడింది, ఇప్పుడు నేర్చుకోవడం దండగ.

బ్యాంకుల మధ్య తిరిగే యూపీఐ సందేశాలు ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోనే ఉంటాయి. మీరు చదివే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ షీటును అన్‌జిప్ చేసి చూడండి, లోపల ఉన్నవీ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లే.

అపోహ: ఇంపోర్ట్ మధ్యలో ఆగితే అదే ఫైల్ మళ్లీ ఎక్కించవచ్చు.

మళ్లీ ఎక్కిస్తే మొదటిసారి ఎక్కిన ఓచర్లు రెండోసారి కూడా పడే ప్రమాదం ఉంది. ముందు బ్యాకప్ తీసుకుని, కాపీ కంపెనీలో ఎక్కించి చూడండి. ట్యాలీ ఎన్ని క్రియేట్ అయ్యాయో, ఎన్ని ఎర్రర్ అయ్యాయో చెబుతుంది. ఆ అంకెను షీటులోని బిల్లుల సంఖ్యతోనూ, సేల్స్ మొత్తాన్ని షీటు మొత్తంతోనూ సరిచూడండి. ఫైల్‌ను రోజుకొకటిగా విడగొట్టి చేసుకుంటే, ఏ రోజు దగ్గర తేడా వచ్చిందో ఆ రోజు ఓచర్లు మాత్రమే తీసేసి, ఆ ఒక్క ఫైల్ మళ్లీ ఎక్కించుకోవచ్చు.