పొలంలో బోర్డు

చెన్నై

చి. చిన్నికీ, మిగతా పిల్లలకూ ఆశీస్సులు.

ఎన్నూరు వైపు పొలం మధ్యలో గ్యాస్ పైపు బోర్డు చూసి, "వేరేవాళ్ల పొలంలో కంపెనీవాళ్లు ఎలా తవ్వారు తాతయ్యా?" అని అడిగావు కదా చిన్నీ.

ఎండాకాలం కాబట్టి మన మిద్దె సంగతే తీసుకో. కింద వాటావాళ్లు వడియాలు పెట్టుకుంటామని అడిగి వస్తారు. మిద్దె మనదే, వాడుకోవడం వాళ్లది. వడియాలున్నంతసేపు మనం అక్కడ నీళ్లు పారబోయం. 1962 నాటి పైపులైన్ల చట్టమూ అంతే. భూమి రైతుదే, కింద పైపు వేసుకునే హక్కు మాత్రం కంపెనీది. పైన వరి, వేరుశనగ ఎప్పటిలాగే వేసుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. చెట్టు వేర్లు పైపు పూతను పాడుచేస్తాయి.

అడగడానికీ ఒక వరస ఉంది. ముందు సర్వే నంబర్లతో గెజిట్‌లో ప్రకటన వేస్తారు. 21 రోజుల్లోపు రైతు అభ్యంతరం రాసిస్తే అధికారి అతని మాట వినాలి. ఆ తర్వాతే తుది ప్రకటన. భూమి మార్కెట్ విలువలో 10 శాతం ఇస్తారు, పంట నష్టం దానికి అదనం. లెక్క నచ్చకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లవచ్చు. అడిగి మిద్దెక్కినవాళ్లకూ, అడక్కుండా ఎక్కినవాళ్లకూ తేడా మీకు తెలుసుగా!

అడిగితే వద్దనే జవాబూ రావచ్చు. కావేరీ డెల్టాను కాపాడటానికి తమిళనాడు 2020లో చట్టం చేసి, అక్కడ కొత్తగా చమురు, గ్యాస్ కోసం తవ్వడాన్ని ఆపింది.

చిక్కులు చిన్నచోట్లే వస్తాయి. పట్టా ఇంకా చనిపోయిన ముత్తాత పేరు మీదే ఉంటే పరిహారం ఆగిపోతుంది. రెండోది మట్టి. తవ్వేటప్పుడు పైమట్టి ఒక కుప్ప, అడుగుమట్టి వేరే కుప్ప పోయాలి. పూడ్చేటప్పుడు అడుగుది ముందు, పైది చివర. కలిపేశారో, ఆ పట్టీ పొడవునా పైరు ఏళ్లకేళ్లు గిడసబారుతుంది. రైతు ప్రతి పంటకీ ఆ గీత చూస్తూనే ఉంటాడు. అందుకే అధికారి తవ్విన రోజు కన్నా పూడ్చిన రోజు దగ్గరుండాలంటాను.

పైపు ఉన్నన్నాళ్లూ తనిఖీ ఉండాలి. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపు లీకై మంటలు లేచాయి. 20 మందికి పైగా పోయారు.

మళ్లీ అటు వెళ్లినప్పుడు బోర్డు మీద అత్యవసర ఫోన్ నంబరు ఉందో, చెరిగిపోయిందో చూసి రండి. అక్కడ బురదలో బుడగలు కనిపించినా, బుస్సుమని చప్పుడు వినిపించినా, బండి స్టార్ట్ చేయనివ్వకండి. గాలికి ఎదురుగా నడిచి దూరం వెళ్లాకే ఫోన్ చేయించండి.

మీ తాతయ్య